వెర్లిన్ చెప్పినంతవరకు

మా ఆయన హార్లన్ పోయిన రోజు మా మూడో తరగతిలో ఎక్కాలు నడుస్తున్నాయి. తలుపు తట్టిన చప్పుడు నాకు వినపడలేదు. పిల్లల తలలన్నీ ఒక్కసారి అటు తిరగడం చూసి నేనూ తిరిగాను. గుమ్మంలో షెరీఫ్ ఆఫీసు డెప్యూటీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనూ ఒకప్పుడు ఇదే గదిలో కిటికీ పక్కన కూర్చున్నవాడే. నన్ను నడవలోకి రమ్మని, నా ముఖానికెదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి, నిదానంగా చెప్పాడు. అలా మాట్లాడటం వాళ్ళకి నేనే నేర్పాను. అందుకే ఒక్క మాట కూడా జారిపోలేదు. గడ్డకట్టిన సరస్సు మీద, చలికాలమంతా లోపల కూర్చుని చేపలు పట్టే చెక్క గదిని ఒడ్డుకి లాగేద్దామని వెళ్ళినచోట, గుండె. హార్లన్ స్నేహితుడు వెర్లిన్ పక్కనే ఉన్నాడు. అంబులెన్సు మంచు మీదికి వచ్చేలోపలే అయిపోయింది. అంతా చెప్పాక, ఇది చెప్పొచ్చో లేదో తెలియనట్టు టోపీ అంచు తిప్పుతూ ఇంకో మాట అన్నాడు. "కాసేపు మాట్లాడాడట టీచర్. వెర్లిన్ అన్నాడు. కాసేపు బాగానే మాట్లాడాడట." ఏం మాట్లాడాడో అతనికి తెలియదు. వెర్లిన్ చెప్పలేదట.

ఆ వెర్లిన్ ఇప్పుడు బల్లకి అవతల నాకెదురుగా కూర్చుని ఉన్నాడు. పైన చర్చిలో ప్రార్థన అయిపోయింది, పాటలు అయిపోయాయి, పాస్టరమ్మ నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో అంది, మంచి మాటే అయి ఉంటుంది. గడ్డకట్టిన నేల కరిగేదాకా పూడ్చడం కుదరదు కాబట్టి అందరం పెట్టెను పైనే వదిలి మెట్లు దిగి చర్చి కింది హాల్లోకి వచ్చేశాం. తక్కువ ఎత్తు కప్పు, సిమెంటు నేల, ఇనప కుర్చీలు, ఊరు ఊరంతా. హామ్ పెట్టిన బన్నులు, మాంసం, కూరలు కలిపి ఓవెన్లో పెట్టిన హాట్‌డిష్ పళ్ళేలు, ఆకుపచ్చ జెల్లీ, మూలన కాఫీ డ్రమ్ము. వండి వడ్డించే ఆడవాళ్ళు ఆప్రాన్లు కట్టుకుని అటూ ఇటూ. దుంపలు ఈ ఏడు ముందే వెయ్యొచ్చు, మోకాలి చిప్ప మార్పించుకున్నాక, కాదు కాదు అది వాళ్ళ పెద్దన్నయ్య, పంచదార ఇటు జరపండి, పాపం హార్లన్, వంతెన దగ్గర రోడ్డు బరువు బళ్ళకి మూసేశారట, ఎవరి కోటు ఇది. ఇవన్నీ నేను విన్నవని చెప్పలేను. ముక్కలు అందుతాయి, మిగతాది నేనే అల్లుకుంటాను. కుర్చీ కాలు నేలకి గీసుకుంటే ఆ కాసేపూ ముక్కలు కూడా అందవు.

ఫార్గోలో చెవి పరీక్షలు చేసే అమ్మాయి నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపేసి, ఒక మగగొంతు చదివే వాక్యాలు వినిపించింది. ఆ గొంతు వెనకాల చాలామంది కబుర్లు. ఒక్కో వాక్యానికీ వెనకున్న కబుర్లు పెంచుతూ పోయింది. విన్నది తిరిగి చెప్పండి, తెలియకపోతే ఊహించి చెప్పండి అంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి ఊహించొద్దు, చదివి చెప్పమని చెప్పినదాన్ని, అక్కడ కూర్చుని ఊహించాను, ఓడిపోయాను. శబ్దం మీకు అందుతోందండీ, విడదీయడమే అందట్లేదు అంది ఆ అమ్మాయి. చెవి మిషన్లు పెడితే పెరుగుతుంది, కానీ అన్నీ పెరుగుతాయి. అదెలా ఉంటుందంటే, ఒకే పలక మీద పదిమంది పిల్లలు ఒకరి రాత మీద ఒకరు రాసినట్టు ఉంటుంది. సుద్ద ఇంకా నొక్కి రాయమంటే ఏం లాభం. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఇదంతా హార్లన్‌కి చెప్పాను. అతను బండి నడుపుతూ విన్నాడు. తరవాత, అయితే నీకు విషయం తెలిస్తే చాలన్నమాట ఆర్డిస్, అన్నాడు.

అప్పట్నించీ అదే పద్ధతి. ఎక్కడికి వెళ్ళినా నా కుడి పక్కన కూర్చునేవాడు. మాట మారినప్పుడల్లా కొంచెం వంగి ఒక్క మాట అనేవాడు. "దుంపలు." "లవాన్ మోకాలు." "రాజకీయం, నవ్వి ఊరుకో." అంతే. మొత్తం తిరిగి చెప్పేవాడు కాదు, చెప్పమని నేనూ అడగలేదు. విషయం తెలిస్తే ముక్కలు వాటంతటవే తమ చోట్లలో కూర్చునేవి. బయటివాళ్ళకి మొగుడు పెళ్ళాం చెవిలో గుసగుసలాడినట్టు కనపడేది. ఈ వయసులో ఏమిటో అని నవ్వుకునేవాళ్ళు కూడా. ఇవాళ ఆ కుర్చీలో హార్లన్ చెల్లెలు లవాన్ కూర్చుంది. మంచిది, గట్టిగా మాట్లాడుతుంది, నేను తిరిగేలోపలే మాట పూర్తిచేసేస్తుంది.

చిన్న మైకు తెచ్చాను. తరగతిలో వాడేది, మాట్లాడే పిల్లవాడు చేతిలో పట్టుకుంటే నేరుగా నా చెవిలో పలుకుతుంది. దాన్ని వెర్లిన్ కప్పు దగ్గర పెడదామని బల్ల మీద ఉంచాను. పెట్టీపెట్టగానే లవాన్ తీసేసుకుంది. "ఇదేంటొదినా, కారు తాళమా?" అని నోటి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "కింద పడితే ఎవరైనా తొక్కేస్తారు, పర్సులో వేసుకో." ఆవిడ గొంతు నా బుర్ర మధ్యలో మోగింది. వెర్లిన్ ఆ మైకు వంక చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. నేను మైకు ఆపి పర్సులో వేసుకున్నాను.

అతను మాట్లాడడని కాదు. వెర్లిన్ పెళ్ళి చేసుకోలేదు, మా పొలం పక్క పొలం అతనిది, చిన్నప్పట్నించీ హార్లన్‌తో ఉన్నాడు, నన్ను మొదట్నించీ టీచరమ్మా అనే పిలుస్తాడు. హార్లన్ పోయిన మర్నాడు సాయంత్రం పొగబెట్టిన చేప కాగితంలో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. లోపలికి పిలిచాను. టీవీ ఆపాను, వంటింట్లో ఫ్యాను ఆపాను, దీపం కింద కుర్చీ వేశాను. ఆ పరీక్ష గది ఎంత నిశ్శబ్దంగా ఉందో మా వంటిల్లూ అంత నిశ్శబ్దంగా ఉంది. అతనొక్కడి గొంతే వినాలి నేను, ఇంకేమీ అడ్డు ఉండకూడదు. "ఏమన్నాడు వెర్లిన్?" అని అడిగాను. అతను గడియారం వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. చలి తగ్గలేదన్నాడు. తగ్గలేదన్నాను. చాలాసేపయ్యాక లేచి, "ఆ చేప రెండ్రోజుల్లో తినెయ్యండి టీచరమ్మా," అని వెళ్ళిపోయాడు. అంత బాగా ఎవరి మాటా నాకీమధ్య వినపడలేదు. చేప సంగతి మాత్రమే వినపడింది.

ఇప్పుడు హాల్లో గోల బాగా పెరిగింది. రెండో విడత కాఫీ వచ్చింది, కడుపులు నిండాయి, చావింటి బిగువు సడలి జనం నవ్వడం మొదలుపెట్టారు, హార్లన్ ఉంటే ఈపాటికి వాళ్ళలో కలిసిపోయేవాడు. సరిగ్గా ఇప్పుడు వెర్లిన్ గడ్డం కదులుతోంది. నమలడం కాదది. కప్పు మూతి దగ్గర పట్టుకుని కప్పులోకి మాట్లాడుతున్నాడు. ఇక్కడి మగవాళ్ళు సరస్సు గడ్డకట్టిన రోజునించి కరిగిన రోజుదాకా గడ్డం గీయరు. మార్చి నెల వచ్చేసరికి ఒక్కడి పెదవి కూడా నాకు కనపడదు. మీసం లేచింది, పడింది, ఆగింది. అతను కళ్ళెత్తి నా వైపు చూశాడు. నేను తలూపాలని చూస్తున్నాడు. ఈ తలూపడం నాకు బాగా అలవాటు. వినపడనప్పుడు ఎదుటివాడిని ఇబ్బంది పెట్టడమెందుకని తలూపుతాం, కనుబొమలు కొంచెం ఎత్తుతాం, అవునా అంటాం. మనుషులు తృప్తిగా వెళ్ళిపోతారు. ఇవాళ తలూపితే అతను చెప్పేశాననుకుంటాడు. ఒకసారి చెప్పేశాననుకున్నది వెర్లిన్ మళ్ళీ చెప్పడు. తలూపలేదు. "వినపడలేదు వెర్లిన్," అన్నాను.

అతను కప్పు దింపి, మళ్ళీ ఎత్తి, మొదటినించి మొదలుపెట్టాడు. అదే క్షణంలో లవాన్, "వదినా, ఒక్క బన్నైనా తిను. నువ్వు తినకపోతే అన్నయ్య పైనించి నన్ను తిడతాడు. బతికుండగా తిట్టింది చాల్లే నాకు." నేను బన్ను కొరికాను. నమిలితే ఇంకా వినపడదు. నా చెవుల్లోనే రొట్టె నలిగిన చప్పుడు. వెర్లిన్ మీసం కదులుతోంది, ఆగుతోంది, కదులుతోంది. "బ" అనే శబ్దం అందింది. హార్లన్ పేరు అందింది. వెనక బల్ల దగ్గర ఎవరో పకపకా నవ్వారు. బన్ను కింద పెట్టేశాను.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఇంతమందిని, ఇంత మంచివాళ్ళని, నా కోసం వండి తెచ్చినవాళ్ళని ఏమనగలను. ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే లేచి నిలబడి కుడిచెయ్యి పైకెత్తాను. రెండు వేళ్ళు చాపి, తరగతిలో ఎత్తినట్టు. మాట్లాడకుండా చెయ్యెత్తి నిలబడటం, అంతే. చూసినవాడు తనూ చెయ్యెత్తి నోరు మూసుకోవాలి. ముందు ఎరువుల కొట్టు వాళ్ళ కోడలు చూసింది, చెయ్యి లేచింది. డెప్యూటీ చెయ్యి లేచింది. కాఫీ పోస్తున్న ఆవిడ రెండో చేత్తో జాడీ పట్టుకునే చెయ్యెత్తింది. బల్ల తరవాత బల్ల. సగం ఊరికి మూడో తరగతి చెప్పింది నేనే. చెప్పనివాళ్ళు కూడా పక్కవాళ్ళని చూసి ఎత్తారు. కాసేపట్లో హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. కాఫీ డ్రమ్ము గుర్రుమనడం వినపడింది. హాలు నిండా చేతులు, నా వైపు చూస్తున్న ముఖాలు. నేను వెర్లిన్ వైపు చూశాను. చెప్పు, ఇప్పుడు చెప్పు.

వెర్లిన్ చెయ్యి కూడా ఎత్తే ఉంది. ముఖం చెవులదాకా ఎర్రబడింది. అతను గొంతు సవరించుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. తరవాత ఏమీ లేదు. చర్చి నేలమాళిగలో ఊరంతా వింటుండగా వెర్లిన్ నోరు విప్పడం అనేది జరిగే పని కాదు, అది ఆ క్షణంలో అక్కడున్న అందరికంటే నాకే ఆలస్యంగా అర్థమైంది. లవాన్ నెమ్మదిగా, "ఏమైనా చెప్పాలా వదినా?" అంది. ఏదో ఒకటి అనాలి కదా. "కాఫీ బాగుంది," అన్నాను. "వండినవాళ్ళకి థాంక్స్." వెనకనించి ఎవరో, "టీచర్, ఇక చేతులు దించొచ్చా?" అన్నారు. దించండన్నాను. నవ్వులు, కుర్చీల చప్పుడు, మళ్ళీ అందరూ ఒక్కసారే. గోల రాగానే వెర్లిన్ భుజాలు కిందికి దిగాయి. అప్పుడు చూశాను అది. గోల లేనప్పుడు బిగుసుకున్న మనిషి గోల రాగానే వదులయ్యాడు.

హార్లన్ ఒకసారి చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను. మంచుకి కన్నం పెట్టే మోటారు ఆడుతుంటే తప్ప వెర్లిన్ గాడు నోరు విప్పడట. "వాళ్ళమ్మ పోయిన సంగతి నాకు మోటారు చప్పుడులోనే చెప్పాడు. సరిగ్గా విందామని మోటారు ఆపాను. వాడూ ఆపేశాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ చెప్పాడు." మా వంటింట్లో నేను టీవీ ఆపాను, ఫ్యాను ఆపాను. ఇక్కడ ఊరి నోరంతా ఆపాను. నాకు ఏది అడ్డమో దాని చాటునే అతను మాట్లాడగలడు. ఇద్దరిలో ఒకరు మారాలి, అరవై దాటిన వెర్లిన్ ఈ మధ్యాహ్నం మారడు. సరే. గోల ఇలాగే ఉండనీ. ఇందులోనే వింటాను.

ఒక్కటి నాకు అనుకూలం. ఈసారి విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. విషయం హార్లన్.

నేను పర్సు తీసుకుని లేచాను. "ఎక్కడికొదినా?" "వెర్లిన్ పక్కకి." లవాన్ నన్నూ వెర్లిన్నీ మార్చి మార్చి చూసింది. "భలే జోడీ. వాడు అనేదెప్పుడు, నువ్వు వినేదెప్పుడు." నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అతని ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాను. నా కుడి చెవి కొంచెం నయం, అది అతని వైపు. ఎడమ చెవి మిషన్ తీసి పర్సులో వేశాను. హాల్లో సగం అక్కడితో పోయింది. మాట్లాడేవాళ్ళ ముఖం చూడాలి, ఎప్పుడూ చూడాలి అని ఫార్గో అమ్మాయి చెప్పింది. నేను అతని ముఖం చూడలేదు. చూసినా గడ్డమే. ఇద్దరం బండిలో ముందు సీట్లో కూర్చున్నట్టు హాలు వైపు తిరిగి కూర్చున్నాం. ఇక్కడి మగవాళ్ళు ఏదైనా చెప్పుకునేది అలాగే, రోడ్డు వైపు చూస్తూ. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా జరిగాను. ఈ హాల్లో ఎవరూ ఎవరికీ అంత దగ్గరగా కూర్చోరు. అతను కదల్లేదు.

"మీకు వినపడేట్టయితే చెప్తాను," అన్నాడు కప్పుతో. ఆ మాట వచ్చింది. మొత్తం వచ్చింది.

"చెప్పు. నేను విన్నది నీకు తిరిగి చెప్తాను. తప్పైతే తప్పు అని చెప్పు."

ఇది పిల్లలతో చేసే పనే. అతను ఒక మాట అంటాడు. నేను హాలు వైపు చూస్తూ దాన్ని తిరిగి అంటాను. ఒప్పైతే అతని మోచెయ్యి కొంచెం కదులుతుంది. తప్పైతే కదలదు, మళ్ళీ అడుగుతాను. "తాడు కట్టడం అయిపోయింది." మోచెయ్యి. "బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు." మోచెయ్యి. "ఊపిరి తీసుకోనీ అన్నాడు." మోచెయ్యి. "నువ్వు ఫోన్ చేశావు, సిగ్నలు రాలేదు, ఒడ్డు వైపు నడిచావు." కదల్లేదు. మళ్ళీ చెప్పాడు. ఎవరో పళ్ళెం కింద పడేశారు. మూడోసారి చెప్పాడు. "నడుస్తానన్నావు. వద్దు, ఇక్కడే ఉండు, ఫోన్ ఇక్కడా పలుకుతుంది అన్నాడు." మోచెయ్యి. ఒక్కో వాక్యం ఇలాగే. ఎదుట ఎవరో నాకు చెయ్యి ఊపుతున్నారు, నేను ఊపలేదు. పాస్టరమ్మ ఇటు రాబోయి మా ఇద్దర్నీ చూసి దారి మార్చుకుంది. మెడ పట్టేసింది. చెమట పట్టింది. వినడం ఇంత ఒళ్ళు నొప్పుల పనని చెవులున్నవాళ్ళకి తెలియదు.

"నీ ట్రక్కు సరస్సులో మునిగిన ఏడు గుర్తుందా అన్నాడు."

"ఆ."

"నవ్వాడు?"

"నవ్వాడు."

"నవ్వాడు," అన్నాను మళ్ళీ. అది సరిగ్గా విన్నాను, అయినా ఇంకోసారి అన్నాను. అతనూ ఇంకోసారి మోచెయ్యి కదిపాడు.

తరవాతది పొడుగు మాట. రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ మొదటి సగమే అందింది. నాకేమైనా అయితే ఆర్డిస్‌కి నువ్వే చెప్పాలిరా. అంతవరకూ తిరిగి చెప్పాను. మోచెయ్యి. మిగతా సగం మూడోసారి కూడా అందలేదు. అప్పుడతను కప్పు బల్ల మీద పెట్టి, తన గడ్డం గుప్పిట పట్టుకుని, ఇంకో చేతి వేళ్ళతో కత్తి పెట్టి గీస్తున్నట్టు చూపించాడు. చూపించి, "ముందిది గీయించుకో అన్నాడు," అన్నాడు. "గడ్డం ఉంటే ఆవిడకి నీ నోరు కనపడదురా అన్నాడు."

నేను తిరిగి చెప్పలేదు. అతను కాసేపు చూశాడు, నాకు వినపడలేదేమోనని. నేను జెల్లీ వైపు చూస్తున్నాను.

"తమాషాకన్నాడనుకున్నాను టీచరమ్మా. ఎప్పుడూ అలాగే అంటాడు కదా. మంచు పోకుండా గడ్డం తీస్తే చేపలు నవ్వుతాయిరా అన్నాను."

"దానికేమన్నాడు?"

"నవ్వనీ అన్నాడు."

వెర్లిన్ తప్పేమీ లేదు. నేనక్కడ ఉన్నా తమాషాకే అన్నాడనుకునేదాన్ని. ఈ ఊళ్ళో అసలు మాట అలాగే చెప్తారు, నవ్వి ఊరుకోవడానికి వీలుగా. నాలుగు రోజులుగా ఈ మనిషి అద్దం ముందు నిలబడి ఏం అనుకున్నాడో నాకు తెలియదు. "గడ్డం గీయించుకో అన్నాడు. గీయించుకోకపోయినా నాకు వినపడింది," అన్నాను. అతను చాలాసేపు మోచెయ్యి కదపలేదు. ఆ తరవాత కదిపాడు.

"తరవాత?" అన్నాను.

"తరవాత ఇంకా మాట్లాడాడు. చాలానే."

చెప్పమన్నాను. అతను కప్పు ఎత్తాడు, అది ఖాళీ. అటు తిరిగి చూశాడు. జనం లేస్తున్నారు. కోట్లు తొడుక్కుంటున్నారు, ఖాళీ గిన్నెలు ఎవరివి వాళ్ళు వెతుక్కుంటున్నారు, ఎవరో కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నారు. కాఫీ డ్రమ్ము ఆపేశారు. మాటలు ఒక్కొక్కటిగా విడిపోయి నా దగ్గరికి వస్తున్నాయి. ఈ గిన్నె నాదేనమ్మా, మూత పగిలింది చూడు. నెమ్మదిగా మెట్లెక్కు. రేపు కలుద్దాం. వంటింట్లో కుళాయి నీళ్ళు, లవాన్ నవ్వు. ఉదయంనించీ పట్టుకోవాలని చూసినవన్నీ ఇప్పుడు అడగకుండానే వినపడుతున్నాయి. వెర్లిన్ మాట్లాడితే ఒక్క అక్షరం పోయేది కాదు. వెర్లిన్ బల్ల అంచు వేలితో రుద్దుతున్నాడు.

"దారి జారుడుగా ఉంటుంది," అన్నాడు. "మెల్లగా నడపండి."

టోపీ పెట్టుకుని లేచాడు. నేనూ లేచాను. "వెర్లిన్. చేపల గది ఇంకా సరస్సు మీదే ఉందా?"

"ఉంది. శనివారం లాగేస్తాను."

"నేనొస్తాను."

"మీరెందుకండీ ఈ చలిలో."

"నీ పక్కన కూర్చుంటాను. ఇంజను ఆపొద్దు."

అతను నా వైపు తిరిగాడు. ఆ మధ్యాహ్నం మొత్తంలో నాకెదురుగా నిలబడి నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి. "ఆ బండి ఇంజను చప్పుడు చాలా ఎక్కువ టీచరమ్మా. నాకే ఏమీ వినపడదు."

"ఉండనీ," అన్నాను.

అతను తలూపి మెట్లెక్కాడు. హార్లన్ ఆ తరవాత ఏమన్నాడో నేనింకా వినలేదు.